ఐఆర్‌లో పెట్టారంటే సీజన్ అయిపోయినట్టేనా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ గాయాల జాబితాల మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నేను అభిమానించే రిసీవర్‌కి చీలమండ బెణికింది. మంగళవారం ఐఆర్‌లో పెట్టేశారు. ఇక ఈ ఏడాదికి అతని ఆట చూడలేమా? ఎంత తొందరగా రావొచ్చు?

జవాబు: చూడొచ్చు. ఐఆర్ అంటే ఇంజర్డ్ రిజర్వ్. అందులో పేరు పడిన ఆటగాడు కనీసం 4 మ్యాచ్‌లకు దూరంగా ఉండాలి. ఐదో మ్యాచ్‌కి రావడానికి నిబంధన అడ్డురాదు, ఒళ్లు సహకరిస్తే చాలు.

చాలామంది పొరపడేది లెక్క దగ్గరే. నిబంధన చెప్పేది 4 మ్యాచ్‌లు, 4 వారాలు కాదు. మధ్యలో జట్టుకి బై వారం (మ్యాచ్ లేని వారం) వస్తే అది లెక్కలోకి రాదు, ఎదురుచూపు ఇంకో వారం పెరుగుతుంది. మయామీ డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా సంగతి తీసుకోండి. 2024 సెప్టెంబర్ 12న బఫెలో మీద ఆడుతూ కంకషన్‌కి (తలకు దెబ్బ తగిలి మెదడు అదరడం) గురయ్యాడు. 17న ఐఆర్‌లో పెట్టారు. 3, 4, 5 వారాల మ్యాచ్‌లు పోయాయి. ఆరో వారం మయామీకి బై, అది లెక్కకి రాలేదు. ఏడో వారం మ్యాచ్‌తో నాలుగు పూర్తయ్యాయి. అక్టోబర్ 27న అరిజోనా మీద మైదానంలోకి దిగాడు. అంటే నిబంధన ఒప్పుకున్న మొట్టమొదటి మ్యాచ్‌కే వచ్చాడు. అయినా గాయం నాటి నుంచి చూస్తే ఆరు వారాలు దాటింది.

రెండో పొరపాటు ఏమిటంటే, ఐఆర్‌లో పెట్టక ముందు పోయిన మ్యాచ్‌లను కూడా కలిపేసుకోవడం. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో రన్నింగ్‌బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ మొదటి వారం ఆడలేదు, కానీ పేరు మామూలు రోస్టర్ (ఆటగాళ్ల జాబితా)లోనే ఉంది. రెండో వారం మ్యాచ్‌కి ముందు రోజు, సెప్టెంబర్ 14న, ఐఆర్‌కి మార్చారు. నాలుగు మ్యాచ్‌ల లెక్క రెండో వారం నుంచి మొదలైంది. మొదటి వారం వృథా అయినట్టే. ఆ రోజే గాయం లోతు తెలిసి ఉంటే జట్టు వేరేలా చేసేదేమో. జట్లు ఎందుకు ఆగుతాయో కింద ఇంకో ప్రశ్నకు జవాబులో చెబుతాను.

మీ లెక్క ఇలా వేసుకోండి: ఐఆర్‌లో పెట్టిన తేదీ తర్వాత జట్టు ఆడబోయే మ్యాచ్‌లు క్యాలెండర్‌లో నాలుగు గుర్తు పెట్టండి. ఐదోది అతను రాగల మొదటి మ్యాచ్. అంతకు ముందు రాడు, తర్వాత ఎప్పుడైనా రావొచ్చు.

ఐఆర్ అనగానే సీజన్ పోయిందనే భయానికి కారణం పాత నిబంధన. 2012 ముందు అందులో పేరు పడితే ఆ ఏడాదికి అంతే. 2012లో జట్టుకి ఒక్కరిని వెనక్కి తెచ్చుకోనిచ్చారు. 2017లో ఇద్దరిని చేశారు. 2020లో కోవిడ్ వల్ల పరిమితి ఎత్తేసి, గడువు 3 వారాలకు తగ్గించారు. 2022 నుంచి ఇప్పటి 4 మ్యాచ్‌ల నిబంధన, దాంతోపాటు జట్టుకి 8 అవకాశాలు అనే పరిమితి వచ్చాయి.

ప్రశ్న: "21 రోజుల కిటికీ తెరిచారు" అని వార్తల్లో వస్తుంది. తెరిచాక ఆడించకపోతే ఏమవుతుంది?

జవాబు: ఐఆర్‌లో ఉన్న ఆటగాడు జట్టు భవనానికి రావొచ్చు, మీటింగుల్లో కూర్చోవచ్చు, వైద్య సిబ్బంది దగ్గర కసరత్తు చేసుకోవచ్చు. జట్టుతో కలిసి ప్రాక్టీసు మాత్రం చేయకూడదు. గడువు తీరాక జట్టు ఒప్పుకుని అతన్ని ప్రాక్టీసుకి దింపిన రోజు నుంచి 21 రోజుల లెక్క మొదలవుతుంది. ఆ రోజుల్లో ప్రాక్టీసు చేస్తున్నా అతని పేరు రోస్టర్‌లోని 53 మందిలోకి రాదు. కాబట్టి జట్టుకి అది ఎంతో విలువైన కాలం. పరిగెత్తించి, మలుపు తిప్పించి, దెబ్బ తగిలినప్పుడు కాలు ఎలా నిలబడుతోందో చూస్తారు, అప్పటిదాకా ఇంకొకరి ఉద్యోగం తీయక్కర్లేదు.

21 రోజుల్లోగా రెండే దారులు. 53 మందిలోకి చేర్చాలి, లేదా సీజన్ ముగిసేదాకా ఐఆర్‌లోనే ఉంచాలి. రెండోదాన్ని ఎంచుకుంటే ప్రాక్టీసు కూడా ఆగిపోతుంది.

దీనికి ఆరన్ రాడ్జర్స్ ఉదంతాన్ని మించిన ఉదాహరణ లేదు. 2023 సెప్టెంబర్ 11న న్యూయార్క్ జెట్స్ తరఫున తొలి మ్యాచ్‌లో, నాలుగో స్నాప్‌కే (బంతి అందించి ఆట మొదలుపెట్టడం) మడమ వెనక ఉండే అకిలీస్ టెండన్ తెగింది. అలాంటి గాయం మానడానికి నెలలు పడుతుంది. అయినా నవంబర్ 29న అతనికి కిటికీ తెరిచారు. డిసెంబర్ 20 నాటికి 21 రోజులూ అయిపోయాయి. అతను మ్యాచ్ ఆడే స్థితిలో లేడు. కానీ ప్రాక్టీసు ఆపడం జట్టుకి ఇష్టం లేదు. అందుకని ఆ రోజు 53 మందిలోకి చేర్చారు, ఆ చోటు కోసం ఫుల్‌బ్యాక్ నిక్ బాడెన్‌ని వదిలేశారు. రాడ్జర్స్ ఆ ఏడాది మళ్లీ ఆడలేదు. ఒక ఆటగాడి ప్రాక్టీసు కోసం ఇంకొకరు జట్టులో చోటు పోగొట్టుకున్నారు. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు, కానీ గాయాల జాబితాలో ప్రతి కదలికకీ అవతలి వైపు ఒక మనిషి ఉంటాడని అది చూస్తే అర్థమవుతుంది.

ఇంకో మాట. ఆదివారం మ్యాచ్‌కి ఆడించాలంటే శనివారం సాయంత్రం, ఈస్టర్న్ టైమ్ 4 గంటల్లోగా రోస్టర్ మార్పు లీగ్‌కి చేరాలి. శుక్రవారం దాకా కబురు లేదని నిరాశపడకండి, చాలా పేర్లు శనివారమే వస్తాయి.

ప్రశ్న: మూడు వారాలుగా "అవుట్" అని వేస్తూనే ఉన్నారు. మొదటే ఐఆర్‌లో పెట్టి ఇంకొకర్ని తెచ్చుకోవచ్చు కదా?

జవాబు: ఇందులో జట్టు పందెం కాస్తుంది. రెండు మూడు మ్యాచ్‌లలో కోలుకుంటాడని డాక్టర్లు చెబితే, ఐఆర్‌లో పెట్టడం వల్ల ఒకటి రెండు మ్యాచ్‌లు అనవసరంగా పోతాయి. అదే పక్కటెముక గాయం రెండు వారాలని చెప్పి నాలుగు వారాలు లాగితే, పందెం ఓడిపోయినట్టు.

చోట్ల లెక్క చూస్తే ఈ పందెం ఎందుకు కాస్తారో తెలుస్తుంది. రోస్టర్‌లో 53 మంది. మ్యాచ్ రోజు అందరూ ఆడరు. ఆఫెన్సివ్ లైన్‌మెన్ కనీసం 8 మంది ఉంటే 48 మంది, లేకపోతే 47 మంది మాత్రమే యూనిఫాం వేసుకుంటారు. ఇదికాక ప్రాక్టీస్ స్క్వాడ్ (53 మందికి బయట, జట్టుతో సాధన చేసేవాళ్లు) నుంచి ఒక్కో మ్యాచ్‌కి ఇద్దర్ని పైకి తెచ్చుకోవచ్చు, అప్పుడు 55 మంది అవుతారు. అంటే ఎలాగూ 5 నుంచి 8 మంది పక్కన కూర్చోవాల్సిందే. ఆ పక్కన కూర్చునేవాళ్లలో గాయపడ్డవాడు ఒకడుంటే జట్టుకి నష్టం లేదు. అలాంటివాళ్లు ఆరుగురైతే, అందులో ముగ్గురు ఒకే స్థానం వాళ్లైతే, అప్పుడు ఇరుకున పడుతుంది.

ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి తెచ్చుకునే వీలుకీ హద్దుంది. ఒకే ఆటగాడిని రెగ్యులర్ సీజన్‌లో మూడుసార్లే అలా పైకి తేవొచ్చు. మ్యాచ్ అయ్యాక అతను ఎవరి అనుమతీ అక్కర్లేకుండా స్క్వాడ్‌కి తిరిగి వెళ్తాడు. నాలుగోసారి కావాలంటే 53 మందిలోకే ఒప్పందం చేసుకోవాలి. మీ జట్టు గాయపడ్డవాడిని నాలుగో వారం హఠాత్తుగా ఐఆర్‌లో పెడితే, అతని బదులు ఆడుతున్న కుర్రాడికి ఆ మూడు అవకాశాలూ అయిపోయాయేమో చూడండి. తరచూ అసలు కారణం అక్కడుంటుంది.

కంకషన్ అయితే ఊహించడం ఇంకా కష్టం. తిరిగి ఆడడానికి ఐదు మెట్ల పద్ధతి ఉంది, చివర్లో జట్టుతో సంబంధం లేని న్యూరాలజీ నిపుణుడు సరేనాలి. రోజుల లెక్క ఉండదు. ఒకరు వారంలో వస్తారు, ఒకరికి నెల దాటుతుంది. అందుకే కంకషన్ అయినవాళ్లను జట్లు సాధారణంగా వెంటనే ఐఆర్‌లో పెట్టవు. టువాని పెట్టడం వెనక అతనికి అంతకు ముందే అయిన కంకషన్లున్నాయి.

ప్రశ్న: పీయూపీ, ఎన్‌ఎఫ్‌ఐ అని ఇంకో రెండు జాబితాలు చెబుతారు. తేడా ఏమిటి? ఆటగాడికి ఏది మంచిది?

జవాబు: ఇది జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే వేసవి శిబిరాల వార్తల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే.

పీయూపీ అంటే శారీరకంగా ఆడలేని స్థితిలో ఉన్నవాళ్ల జాబితా. ఎన్‌ఎఫ్‌ఎల్ ఫుట్‌బాల్ వల్ల అయిన గాయం ఇంకా మానక, శిబిరం మొదట్లో జరిగే వైద్యపరీక్షలో నెగ్గనివాళ్లకు ఇది. దీనికి రెండు దశలున్నాయి. శిబిరం జరుగుతున్నంతకాలం అది ఆక్టివ్ పీయూపీ. అప్పుడు అతను శిబిరంలో ఉండే 90 మందిలో లెక్కకొస్తాడు, బాగయ్యాడనుకున్న రోజే తీసేసి ప్రాక్టీసుకి దింపొచ్చు. సీజన్ మొదలయ్యేటప్పటికీ మానకపోతే రిజర్వ్ పీయూపీకి మారుస్తారు. అప్పుడు 53 మందిలో లెక్కకి రాడు, మొదటి 4 మ్యాచ్‌లు ఆడకూడదు. ఒకప్పుడు ఇది 6 మ్యాచ్‌లు, 2022లో తగ్గించారు. తర్వాత ఇక్కడా అదే 21 రోజుల కిటికీ.

అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన షరతు ఒకటుంది. శిబిరంలో ఒక్క ప్రాక్టీసు చేసినా పీయూపీ తలుపు మూసుకుపోతుంది. ఒక్క పూట దిగి, మోకాలు పట్టేసి బయటికొచ్చినా సరే, ఇక ఐఆరే గతి. అందుకే జులైలో జట్లు చిన్న అనుమానమున్నా ముందు పీయూపీలో పెట్టి, వారం తర్వాత తీసేస్తాయి. ఆ వార్త చూసి కంగారుపడకండి. అది ముందుజాగ్రత్త మాత్రమే. జట్టుని 53 మందికి కుదించే ఆగస్టు చివరి మంగళవారం దాటాక కూడా అందులోనే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నిక్ చబ్ మోకాలు 2023 సెప్టెంబర్ 18న పిట్స్‌బర్గ్‌లో ఘోరంగా దెబ్బతింది. మరుసటి ఏడాది క్లీవ్‌లాండ్ అతన్ని రిజర్వ్ పీయూపీలో ఉంచి సీజన్ మొదలుపెట్టింది. నాలుగు మ్యాచ్‌లయ్యాక అర్హత వచ్చినా తొందరపడలేదు. కిటికీలో ప్రాక్టీసు చేయించి, అక్టోబర్ 20న ఏడో వారంలో ఆడించింది. పీయూపీని వాడాల్సిన తీరు అదే.

ఎన్‌ఎఫ్‌ఐ మాత్రం వేరు. ఎన్‌ఎఫ్‌ఎల్ ఆట బయట అయిన గాయాలకూ జబ్బులకూ ఇది. కారు ప్రమాదం, ఇంట్లో కిందపడడం, సొంత జిమ్‌లో దెబ్బ, అన్నీ ఇందులోకే వస్తాయి. కాలేజీ ఫుట్‌బాల్‌లో అయిన గాయమూ ఇందులోకే, ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. జేమ్సన్ విలియమ్స్‌కి 2022 జనవరి 10న, అలబామా ఆడిన జాతీయ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంటు ఏసీఎల్ తెగింది. ఏప్రిల్‌లో డెట్రాయిట్ అతన్ని డ్రాఫ్ట్ (జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో తీసుకుంది. ఆ గాయం ఫుట్‌బాల్‌లో అయినదే అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ క్లబ్ తరఫున అయినది కాదు, కాబట్టి ఎన్‌ఎఫ్‌ఐ. డిసెంబర్ 4న గానీ తొలి మ్యాచ్ ఆడలేదు.

ఆటగాడికి ఏది మంచిదని అడిగారు. పీయూపీలో జీతం వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఐలో జీతం ఇవ్వడం, ఇవ్వకపోవడం క్లబ్ ఇష్టం. సెలవుల్లో ఆటగాళ్లు జట్టు భవనం వదిలి బయట కసరత్తు చేయడానికి భయపడేది ఇందుకే. క్లబ్ ఆవరణలో, క్లబ్ చెప్పిన పనిలో తెగిన టెండన్‌కి పూర్తి రక్షణ ఉంది, అదే టెండన్ బయట మైదానంలో తెగితే జీతమే అనుమానం. శరీరమూ అదే, వృత్తీ అదే, కసరత్తూ అదే అయినప్పుడు ఈ తేడా న్యాయమని నాకనిపించదు.

ప్రశ్న: ఐఆర్‌లో ఉన్నన్నాళ్లూ పూర్తి జీతం వస్తుందా? జట్టుకి శాలరీ క్యాప్‌లో (జీతాల మొత్తం మీద ఉండే పరిమితి) వెసులుబాటు దొరుకుతుందా?

జవాబు: రెండో దానికి ముందు చెబుతాను. దొరకదు. ఐఆర్‌లో ఉన్నవాడి జీతం క్యాప్‌లో అలాగే ఉంటుంది, అతని బదులు వచ్చినవాడి జీతం అదనం. 2024లో ఒక్కో జట్టుకి క్యాప్ 25 కోట్ల 54 లక్షల డాలర్లు, 2025లో 27 కోట్ల 92 లక్షల డాలర్లు. జట్లు ఏటా అందులో కొంత మిగిల్చుకుని సీజన్‌లోకి దిగేది ఈ ఖర్చు కోసమే. అన్నీ ఖర్చుపెట్టేసిన జట్టు అక్టోబర్‌లో గాయాలొస్తే కనీస వేతనం వాళ్లనే వెతుక్కోవాలి.

జీతం సంగతికొస్తే, పేరున్న ఆటగాళ్లకు పూర్తిగా వస్తుంది. ఐఆర్‌లో గడిపిన వారాలు సర్వీసు లెక్కలోకీ వస్తాయి. చిక్కంతా స్ప్లిట్ కాంట్రాక్టు ఉన్నవాళ్లకే. వాళ్ల ఒప్పందంలో రెండు అంకెలుంటాయి, రోస్టర్‌లో ఉంటే ఒకటి, ఐఆర్‌కి వెళ్తే తక్కువది. డ్రాఫ్ట్ చివరి రౌండ్ల కుర్రాళ్లు, డ్రాఫ్ట్‌లో ఎంపిక కానివాళ్లు, గాయాల చరిత్ర ఉన్నవాళ్లు సంతకం చేసేవి తరచూ ఇలాంటివే.

2023 జనవరి 2న సిన్సినాటిలో మైదానం మీదే గుండె ఆగిపోయిన బఫెలో సేఫ్టీ డమార్ హామ్లిన్ ఒప్పందం అలాంటిదే. 6న ఐఆర్‌లో పెట్టారు. అతని ఏడాది జీతం 8 లక్షల 25 వేల డాలర్లు, ఐఆర్ అంకె 4 లక్షల 55 వేలు. సీజన్‌కి 18 వారాల చెక్కులు కాబట్టి వారానికి సుమారు 45,800 డాలర్లు రావాల్సిన చోట 25,300 వచ్చేది. ఆసుపత్రిలో ఉన్న మనిషికి చెక్కు తగ్గకుండా, లీగూ ఆటగాళ్ల సంఘమూ క్లబ్బూ ఒప్పుకుని పూర్తి జీతం ఇప్పించాయి. చాలా మంచి పని చేశారు. కానీ అది ఒకరి కోసం చేసిన మినహాయింపు. దేశమంతా చూడని మ్యాచ్‌లో, ప్రీసీజన్ నాలుగో క్వార్టర్‌లో మోకాలు పోగొట్టుకున్న కుర్రాడికి ఆ చిన్న అంకే దక్కుతుంది. నన్నడిగితే ఆటలో అయిన గాయానికి స్ప్లిట్ వర్తించకూడదు.

ప్రశ్న: ప్రీసీజన్‌లో "వెయివ్డ్, ఇంజర్డ్" అని రాస్తారు. గాయపడ్డవాడిని ఉద్యోగంలోంచి తీసేయడమేనా?

జవాబు: చూడ్డానికి అలాగే ఉంటుంది గానీ, ఎక్కువసార్లు అది ఐఆర్‌కి దారి. నాలుగు సీజన్ల సర్వీసు పూర్తికాని ఆటగాడిని ఆగస్టు కోతకి (జట్టుని 53 మందికి కుదించడం) ముందు ఐఆర్‌కి పంపాలంటే మొదట వెయివర్స్‌లో ఉంచాలి. వేరే జట్టు కావాలంటే మర్నాటి గడువులోగా గాయంతో సహా తీసుకోవచ్చు. ఎవరూ అడగకపోతే తిరిగి సొంత జట్టు ఐఆర్‌కే వస్తాడు.

ఆ తర్వాత సాధారణంగా ఇంజరీ సెటిల్‌మెంట్ మాట్లాడతారు. గాయం మానడానికి, మాటవరసకి, 5 వారాలు పడుతుందని ఇద్దరూ ఒప్పుకుంటే ఆ 5 వారాల జీతం ఇచ్చి వదిలేస్తారు. మానగానే అతను వేరే జట్టుకి ఆడుకోవచ్చు. తొందరగా మానే గాయమైతే ఇది ఆటగాడికీ మేలు, ఏడాదంతా కూర్చోనక్కర్లేదు. గాయం ఎన్నాళ్లన్నదే తెలియనప్పుడు సంతకం చేస్తే మిగతా భారం తన మీదే పడుతుంది. గాయపడి ఉండగా అన్యాయంగా తొలగించారనుకుంటే 25 రోజుల్లోగా ఇంజరీ గ్రీవెన్స్ (ఫిర్యాదు) వేయాలి. తటస్థ వైద్యుడు పరీక్షించి చెబుతాడు. ఆ గడువు దాటితే కేసు బలం ఎంతున్నా ప్రయోజనం లేదు.

ప్రశ్న: జట్టుకి 8 అవకాశాలన్నారు. ఒకే ఆటగాడు రెండుసార్లు ఐఆర్‌కి వెళ్తే?

జవాబు: ఒకే సీజన్‌లో రెండుసార్లు తిరిగి రానిస్తారు. జట్టు ఖాతాలో అది రెండుగా రాస్తారు. పీయూపీ, ఎన్‌ఎఫ్‌ఐ నుంచి వచ్చేవాళ్లు ఈ 8లోకి రారు. ప్లేఆఫ్స్‌కి చేరిన జట్టుకి 2024 నుంచి ఇంకో రెండు ఇస్తున్నారు.

కోత రోజు మార్పు కూడా 2024లోదే. అంతకు ముందు, ఐఆర్ నుంచి తిరిగి రావాలనుకునే ఆటగాడిని తొలి 53 మందిలో ఒక్కరోజైనా ఉంచాల్సి వచ్చేది. దానికోసం ఒక సీనియర్‌ని వదిలేసి, మర్నాడు మళ్లీ ఒప్పందం చేసుకునేవారు. ఇప్పుడు కోత రోజునే ఇద్దరిని "తిరిగి వస్తారు" అని గుర్తించి నేరుగా ఐఆర్‌లో పెట్టొచ్చు. అలా గుర్తించగానే 8లో రెండు ఖర్చయిపోతాయి, వాళ్లు తర్వాత రాకపోయినా తిరిగి రావు. ఆ గుర్తింపు లేకుండా కోతకు ముందే ఐఆర్‌కి వెళ్లినవాడు మాత్రం ఆ ఏడాది ఆ జట్టుకి ఆడలేడు.

ప్రశ్న: మూడో క్వార్టర్‌బ్యాక్‌కి ప్రత్యేక నిబంధన ఉందంటారు, నిజమేనా?

జవాబు: నిజమే. 2023 జనవరి 29న ఫిలడెల్ఫియాలో ఎన్‌ఎఫ్‌సీ (లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఫైనల్ ఆడుతుండగా శాన్‌ఫ్రాన్సిస్కోకి బ్రాక్ పర్డీ మోచేయి పోయింది, బదులుగా వచ్చిన జాష్ జాన్సన్‌కి కంకషన్ అయింది. బంతి సరిగా విసరలేని పర్డీయే మళ్లీ దిగాల్సి వచ్చింది. ఆ మే నెలలో నిబంధన మార్చారు. మూడో క్వార్టర్‌బ్యాక్‌ని మ్యాచ్ రోజు 48 మందిలో లెక్కపెట్టకుండా అత్యవసరానికి ఉంచుకోవచ్చు. మొదటి ఇద్దరూ గాయపడినా, బహిష్కరణకు గురైనా మాత్రమే అతను దిగాలి. కోచ్‌కి వాళ్ల ఆట నచ్చలేదని దింపడానికి లేదు. ఇద్దరిలో ఒకరికి వైద్యులు అనుమతిస్తే ఇతను బయటికి వచ్చేయాలి.

ప్రశ్న: "క్వశ్చనబుల్" అంటే సగం సగమేనా?

జవాబు: 2016 దాకా అలాగే చెప్పేవారు. ఆ ఏడాది "ప్రాబబుల్" అనే మాట తీసేశారు, శాతాలూ పోయాయి. ఇప్పుడు క్వశ్చనబుల్ అంటే ఆడతాడో లేదో తెలియదని, డౌట్‌ఫుల్ అంటే ఆడకపోవచ్చని, అవుట్ అంటే ఆడడని. ఆ మాటకంటే బుధ, గురు, శుక్రవారాల ప్రాక్టీసు నివేదిక చూడండి. బుధవారం మానేసి, గురువారం కొంత, శుక్రవారం పూర్తిగా చేశాడంటే ఆశ పెట్టుకోవచ్చు. వరస అటుదిటైతే, అంటే బుధవారం పూర్తిగా చేసి శుక్రవారం మానేస్తే, వారం మధ్యలో ఏదో తిరగబెట్టిందని అర్థం. సీనియర్లకు బుధవారం విశ్రాంతి మామూలే, నివేదికలో పక్కనే "విశ్రాంతి" అని ఉంటే పట్టించుకోవద్దు. ఆఖరి మాట కిక్కాఫ్‌కి 90 నిమిషాల ముందు వచ్చే ఇనాక్టివ్ జాబితాది.